గుమ్మం జరిగింది, రిజర్వేషన్ అక్కడే ఉంది

హైటెక్ సిటీ అనగానే సాఫ్ట్‌వేర్ ఒక్కటే గుర్తుకు రావడం పాత అలవాటు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి మాదాపూర్‌కూ నేటి మాదాపూర్‌కూ ఉన్న తేడాల్లో ఒకటి అంతగా చర్చకు రాలేదు. కొండాపూర్ నుంచి గచ్చిబౌలి మీదుగా నానక్‌రామ్‌గూడ దాకా కార్పొరేట్ ఆసుపత్రులు వరుసగా వెలిశాయి. అదే దారిలోని అద్దాల భవనాల్లో అమెరికా ఆసుపత్రుల బిల్లులకు లెక్క కట్టే కంపెనీలు నడుస్తున్నాయి. వెనుక వీధుల్లో నీట్ కోచింగ్ ఇచ్చే రెసిడెన్షియల్ క్యాంపస్‌లు, వాటిని ఆనుకొని హాస్టళ్లు ఉన్నాయి. డాక్టర్ కావాలనుకునే పిల్లలను పరీక్షకు సిద్ధం చేయడం, నర్సులను పనిలో పెట్టుకోవడం, ఫార్మసీ చదివినవారిని మెడికల్ కోడర్లుగా మార్చడం ఇవన్నీ ఆ కొద్ది కిలోమీటర్ల పరిధిలోనే జరుగుతున్నాయి. ఆరోగ్యరంగానికి మనుషులను తయారుచేయడం ఇవాళ ఒక పెద్ద విపణి.

ఈ విపణిలో కులం ఎక్కడ ఉందన్నది మన రాజకీయాలు సూటిగా వేసుకోని ప్రశ్న. రాజ్యాంగం కల్పించిన రిజర్వేషన్ కళాశాల గుమ్మం దగ్గర కాపలా ఉంది. ఎవరికి అవకాశం దక్కుతుందో నిర్ణయమయ్యే చోటు మాత్రం ఆ గుమ్మం దగ్గర లేదు. కొంత భాగం కోచింగ్ రూపంలో దానికి ముందుకు జరిగింది. కొంత భాగం మేనేజ్‌మెంట్ కోటా రూపంలో పక్కదారి పట్టింది. మిగిలింది సర్టిఫికేషన్లు, నియామకాల రూపంలో చదువు తరువాతికి వెళ్లింది. ఈ మూడు చోట్లా రిజర్వేషన్ లేదు. కులం మాత్రం డబ్బుగా, ఇంగ్లిషుగా, తెలిసినవాళ్ల సిఫారసుగా ఉంది.

ఒక ముఖ్యమంత్రి పదవి పోయిన రోజులు

క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1983లోనే చట్టం చేసింది. ఆ చట్టం ఉండగానే 1992లో నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రభుత్వం ఒక్కసారిగా అనేక ప్రైవేటు వైద్య, దంత వైద్య కళాశాలలకు అనుమతులిచ్చింది. హైకోర్టు వాటిని కొట్టివేసింది. ఆ వివాదంలోనే ముఖ్యమంత్రి రాజీనామా చేయవలసి వచ్చింది. అదే ఏడాది మోహినీ జైన్ కేసులో, కర్ణాటక వైద్య కళాశాలలు బయటి రాష్ట్రాల విద్యార్థుల నుంచి వసూలుచేస్తున్న ఏడాదికి 60 వేల రూపాయల రుసుము క్యాపిటేషన్ ఫీజేనని సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడాది, మన రాష్ట్రమే ప్రతివాదిగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో, సీట్లను ఉచిత సీట్లు, చెల్లింపు సీట్లుగా విభజిస్తూ ఒక పథకం ఇచ్చింది. సీటును అమ్మడం తప్పు అన్న భావన అప్పటికి సమాజంలో బలంగానే ఉంది.

తరువాతి పదేళ్లలో గాలి మారింది. 2002లో టీఎంఏ పాయ్ తీర్పు ఉన్నికృష్ణన్ పథకాన్ని పక్కన పెట్టింది. 2005లో ఇనాందార్ తీర్పు, ప్రభుత్వ సాయం పొందని ప్రైవేటు కళాశాలలపై రిజర్వేషన్‌ను రుద్దరాదని చెప్పింది. దానికి జవాబుగా పార్లమెంటు 93వ రాజ్యాంగ సవరణ ద్వారా 15(5) అధికరణాన్ని తెచ్చింది. మైనారిటీ సంస్థలు మినహా ప్రైవేటు విద్యాసంస్థలన్నింటిలో ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులకు ప్రవేశాల్లో రిజర్వేషన్ కల్పించే చట్టం చేయడానికి ఆ అధికరణం వీలిచ్చింది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది కూడా. అంటే తలుపు తెరవడానికి రాజ్యాంగపరమైన అడ్డంకి లేదు. తాళంచెవి చేతిలో ఉంచుకొని తలుపు తీయనివి ప్రభుత్వాలే.

తీయకపోగా ఆ విపణి పద్ధతినే ప్రభుత్వ కళాశాలల్లోకీ తీసుకొచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన ఐదు కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 35 శాతం సీట్లను ఏడాదికి 12 లక్షల రూపాయల సెల్ఫ్ ఫైనాన్స్ కోటాగా, 15 శాతాన్ని 20 లక్షల ఎన్నారై కోటాగా అప్పటి ప్రభుత్వం నిర్ణయించింది. దాన్ని విమర్శించి అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం 2025లో పది కళాశాలలను పీపీపీ పద్ధతికి అప్పగించాలని తీర్మానించింది. పార్టీలు మారినా దిశ మారలేదు. 1992లో ఒక ముఖ్యమంత్రి కుర్చీ వదులుకోవడానికి కారణమైన పని, ముప్పై ఏళ్లకు జీవో రూపంలో సాధారణ పరిపాలన అయింది.

15 శాతం దేనిలో?

తెలంగాణలోని మైనారిటీయేతర ప్రైవేటు వైద్య కళాశాల ఒకదానిలో 150 ఎంబీబీఎస్ సీట్లున్నాయనుకుందాం. వాటిలో సగం, అంటే 75, కన్వీనర్ కోటా. రిజర్వేషన్ ఈ 75కే వర్తిస్తుంది. 35 శాతం బీ కేటగిరీ, 15 శాతం ఎన్నారై కోటా. ఈ రెండింటిలో సామాజిక రిజర్వేషన్ లేదు. బీ కేటగిరీలో ఫీజు ఏడాదికి పది లక్షల రూపాయలు దాటుతుంది, ఎన్నారై కోటాలో దానికి రెట్టింపు దాకా వెళ్తుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. 75లో ఎస్సీలకు 15 శాతం అంటే 11 సీట్లు. ఎస్టీలకు 10 శాతం అంటే ఏడో ఎనిమిదో. బీసీలకు 29 శాతం అంటే 22. అన్నీ కలిపితే 40 చిల్లర. రాష్ట్ర ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో వెల్లడించిన కులసర్వే ప్రకారం ముస్లిం బీసీలతో కలిపి బీసీలు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. 84 శాతం జనాభాకు 150 సీట్లలో రిజర్వేషన్ హామీ ఇస్తున్నది 40 సీట్లకే. ఈ వర్గాల పిల్లలు ర్యాంకు సాధించి ఓపెన్ కేటగిరీలో పొందే సీట్లు వేరు. అవి వారి సొంత కష్టం, ప్రభుత్వ హామీ కాదు. కాగితం మీద 15 శాతంగా కనిపించే ఎస్సీ వాటా మొత్తం సీట్లలో ఏడున్నర శాతమే.

1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన దండోరా ఉద్యమం ముప్పై ఏళ్లు పోరాడింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉపవర్గీకరణకు దారి తెరిచింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ కులాలను మూడు గ్రూపులుగా విభజించి 1, 9, 5 శాతాలుగా పంచే చట్టం అమల్లోకి వచ్చింది. న్యాయమైన పంపకమే. అయితే అత్యంత వెనుకబడిన కులాలున్న మొదటి గ్రూపుకు దక్కే 1 శాతాన్ని పై కళాశాల లెక్కలో చూడండి. 75లో 1 శాతం అంటే ఒక సీటు కూడా పూర్తిగా రాదు. బీసీలకు విద్యలో 42 శాతం కోరుతూ శాసనసభ ఆమోదించిన బిల్లుకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. వాటాను ఎంత పెంచినా, ఎంత న్యాయంగా పంచుకున్నా, అసలు మొత్తంలో సగాన్ని ముందే పక్కన పెట్టి మిగిలినదాన్నే మన ముందు ఉంచుతున్నారు. ఒక ప్రైవేటు కళాశాల డీమ్డ్ విశ్వవిద్యాలయంగా మారితే కన్వీనర్ కోటా అన్నదే ఉండదు, ఆ సగం కూడా చేజారుతుంది.

ఇక్కడ 'మెరిట్' వాదన చేసేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 2023 సెప్టెంబరులో నీట్ పీజీ కటాఫ్‌ను అన్ని కేటగిరీలకూ సున్నా పర్సంటైల్‌కు తగ్గించారు. సీట్లు ఖాళీగా మిగిలిపోకూడదన్నదే కారణం. పరీక్ష రాసినవారందరూ అర్హులే అయినప్పుడు ఎంపిక చేసింది ర్యాంకు కాదు, ఫీజు చెల్లించగల శక్తి. 2024 సెప్టెంబరులో పంజాబ్ ప్రభుత్వం ఎన్నారై కోటాను దూరపు బంధువులకూ విస్తరించబోతే సుప్రీంకోర్టు దాన్ని మోసమని తప్పుపట్టింది. రిజర్వేషన్ సీటులో చేరిన దళిత విద్యార్థి ర్యాంకును జీవితాంతం గుర్తుచేసే సమాజం, బీ కేటగిరీలో చేరిన విద్యార్థి ర్యాంకు ఎంతని ఎప్పుడూ అడగదు.

గుమ్మానికి ముందు

నీట్ వచ్చాక సీటుకోసం పోటీ ఇంటర్మీడియట్‌తో ముగియడం లేదు. లాంగ్‌టర్మ్ పేరుతో ఒక ఏడాది, రెండేళ్లు కోచింగ్ తీసుకొని మళ్లీ రాయడం సాధారణమైంది. తమిళనాడులో జస్టిస్ ఏకే రాజన్ కమిటీ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అక్కడ వైద్యవిద్యలో చేరినవారిలో మళ్లీ రాసినవారి వాటా నీట్ తరువాతి కొద్ది ఏళ్లలోనే 70 శాతం దాటింది. ఒక ఏడాది సంపాదన లేకుండా, ఫీజు, హాస్టల్ ఖర్చు భరిస్తూ పిల్లవాణ్ని మాదాపూర్‌లోనో కూకట్‌పల్లిలోనో ఉంచగల కుటుంబం ఏదో ఊహించడం కష్టం కాదు. కౌలు రైతు ఇంట్లోనో, తాపీమేస్త్రీ ఇంట్లోనో ఆ ఏడాది కొడుకు కూలికి వెళ్లాలి, కూతురికి సంబంధాలు చూడాలి.

ఆ అంతరాన్ని ప్రభుత్వం పూడ్చగలదనడానికి రుజువు కూడా ఈ కారిడార్‌లోనే ఉంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పక్కనే ఉన్న గౌలిదొడ్డి సాంఘిక సంక్షేమ గురుకుల కళాశాలలో నీట్, ఐఐటీ పరీక్షలకు ప్రత్యేక శిక్షణ ఇస్తారు. ఊళ్లలోని దళిత కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ చదివి ఎంబీబీఎస్ సీట్లు సాధిస్తున్నారు. పిల్లల్లో లోపం లేదని ఆ కళాశాల ఏటా నిరూపిస్తోంది. కొరత అలాంటి కళాశాలలకే.

గుమ్మం పక్కన నిలబెట్టిన మనిషి

వైద్యరంగమంటే డాక్టరే అనుకోవడం మన చర్చల్లోని మరో లోపం. రోగి శరీరాన్ని తాకే పని, కడిగే పని, రాత్రంతా మేల్కొనే పని ఎవరిది? పల్లెల్లో పురుడు పోసిన మంత్రసానులు ఎక్కువగా దళిత, నాయీబ్రాహ్మణ, రజక కులాల స్త్రీలే. ఆ జ్ఞానాన్ని వైద్యమనలేదు, మైల అన్నారు. గుంటూరులో అన్నా కూగ్లర్ వంటి మిషనరీ వైద్యులు 1880ల నుంచి స్త్రీల వైద్యశాలలు నెలకొల్పి నర్సు శిక్షణ మొదలుపెట్టినప్పుడు, అగ్రకులాలు ముట్టుకోని ఆ వృత్తిలోకి క్రైస్తవం స్వీకరించిన దళిత కుటుంబాల స్త్రీలు ముందుగా వచ్చారు. అంటరాని పనిగా చూసినదాన్ని గౌరవనీయ వృత్తిగా మార్చినవారు వారే.

ఇప్పుడు ఆ వృత్తికి శిక్షణనిచ్చే కళాశాలల్లో అధికభాగం ప్రైవేటువే. చదువుకు డబ్బు తీసుకుంటారు, ఉద్యోగంలో మాత్రం తక్కువ జీతం ఇస్తారు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కేంద్ర కమిటీ స్పష్టమైన సూచనలు చేసింది. 200 పడకలకు మించిన ప్రైవేటు ఆసుపత్రులు రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతం ఇవ్వాలంది. 50 పడకలలోపు ఆసుపత్రుల్లో సైతం నెలకు 20 వేల రూపాయలకు తగ్గరాదంది. తెలుగు రాష్ట్రాల్లో ఆ సూచన సూచనగానే మిగిలింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం దగ్గర పెట్టించుకోవడం, బాండు రాయించుకోవడం గురించి నర్సుల సంఘాలు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నాయి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ మన నర్సులకు జర్మన్ భాష నేర్పి ఆ దేశానికి పంపుతోంది. జర్మనీ విలువ కట్టగలిగిన నైపుణ్యానికి గచ్చిబౌలిలో విలువ ఎందుకు లేదన్నది ఆసుపత్రులు జవాబు చెప్పవలసిన ప్రశ్న.

గుమ్మం దాటాక

ఈ విపణిలో అతి తక్కువగా మాట్లాడుకునే భాగం మెడికల్ కోడింగ్. అమెరికాలో ఒక రోగికి చికిత్స జరిగితే, డాక్టర్ రాసిన వివరాలను రోగానికి ఒక కోడ్, చికిత్సకు ఒక కోడ్ చొప్పున మార్చాలి. అప్పుడే బీమా కంపెనీ డబ్బు చెల్లిస్తుంది. 2015 అక్టోబరు 1న అమెరికా ఐసీడీ-10 విధానానికి మారడంతో రోగాల కోడ్‌ల సంఖ్య వేలలోంచి పదుల వేలలోకి పెరిగింది. శరీర నిర్మాణం, మందులు తెలిసిన ఇంగ్లిషు చదువరులు కావలసి వచ్చారు. హైదరాబాద్‌లో అలాంటివారు ఉన్నారు: బీఫార్మసీ, ఫార్మ్‌డీ, ఫిజియోథెరపీ, నర్సింగ్, మైక్రోబయాలజీ చదివి, చదివిన వృత్తిలో బతకగలిగే జీతం దొరకని వేలాది యువత.

వీరిలో చాలామంది తమ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి తరం. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే వారు నగర శివార్లలోని ఫార్మసీ కళాశాల మెట్లెక్కేవారు కాదు. ఆ పథకం సాధించిన మేలు చిన్నది కాదు. అయితే అది డిగ్రీ చేతికొచ్చిన రోజున ఆగిపోతుంది. బకాయిలు పేరుకుపోతే ఆ డిగ్రీ కూడా చేతికి రాదు. 2025 నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు బంద్ పాటించాయి. ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య తగవులో సర్టిఫికెట్ ఆగేది విద్యార్థిదే.

డిగ్రీ తరువాత అసలు ఖర్చు మొదలవుతుంది. అమీర్‌పేటలోనో మాదాపూర్‌లోనో కోడింగ్ శిక్షణకు వేల రూపాయల ఫీజు. ఆపై సీపీసీ అనే అమెరికా సర్టిఫికేషన్ పరీక్ష, దాని రుసుము డాలర్లలో. నాలుగు గంటల్లో వంద ప్రశ్నలు, 70 శాతం వస్తేనే పాస్. పాసైనా అనుభవం లేనివారి పేరు పక్కన 'అప్రెంటిస్' అన్న తోక తగిలిస్తారు. ఆ తోక పోవాలంటే ఉద్యోగానుభవం చూపాలి, ఉద్యోగం కావాలంటే అనుభవం అడుగుతారు. అప్పుడు అక్కరకొచ్చేది కంపెనీలో ఇప్పటికే ఉన్న బంధువో, సీనియరో పంపే రిఫరల్. తాతల నాటి నుంచి ఉద్యోగాల్లో ఉన్న కులాలకు అలాంటి బంధువులు పుట్టుకతోనే ఉంటారు. ఇంటికి మొదటి పట్టభద్రుడైన వాడికి ఎవరుంటారు? పైగా అతడి కుటుంబం ఈ రెండో చదువుకు అప్పు తేవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ చెల్లించిన చదువు మార్కెట్లో సరిపోదని తేలిన రోజు, ప్రభుత్వం అక్కడ ఉండదు.

ప్రజాధనం వెళ్లిన చోటికి న్యాయం వెళ్లదా?

ప్రైవేటు సంస్థలు తమ సొంత డబ్బుతో నడుస్తున్నాయి కాబట్టి రిజర్వేషన్ అడగరాదన్నది పాత వాదన. హైటెక్ సిటీ చరిత్రే దానికి సమాధానం. సైబర్ టవర్స్ ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ, ఎల్ అండ్ టీ కలిసి కట్టినవి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేద రోగులను ప్రభుత్వ ఖర్చుతో ప్రైవేటు ఆసుపత్రులకు పంపింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పేద విద్యార్థులను ప్రభుత్వ ఖర్చుతో ప్రైవేటు కళాశాలలకు పంపింది. భూమి, రోగి, విద్యార్థి ముగ్గురి వెంటా ప్రజాధనం ప్రైవేటు ప్రాంగణంలోకి వెళ్లింది. ఆ ధనం వెంట వెళ్లనిది సామాజిక న్యాయం ఒక్కటే.

జిల్లాకొక ప్రభుత్వ వైద్య కళాశాల తేవడం తెలంగాణలో మంచి అడుగు. అది చాలదు. 15(5) అధికరణం కింద రాష్ట్రం చట్టం చేసి, బీ కేటగిరీలోనూ డీమ్డ్ విశ్వవిద్యాలయాల్లోనూ రిజర్వేషన్ వర్తింపజేయాలి, దానికి తగిన ఫీజు భారాన్ని భరించాలి. ఫీజు భరించని రిజర్వేషన్ ఆకలిగొన్నవాడికి ఖాళీ విస్తరి వంటిది. ప్రైవేటు ఉన్నత విద్యలో రిజర్వేషన్ చట్టం తేవాలని 2025 ఆగస్టులో పార్లమెంటు విద్యా స్థాయీ సంఘం కూడా సిఫారసు చేసింది. ఆరోగ్యశ్రీ నిధులు పొందే ప్రతి ఆసుపత్రీ నర్సులకు 2016 కమిటీ సూచించిన జీతం ఇవ్వాలనీ, తన సిబ్బంది సామాజిక వివరాలను ఏటా ప్రకటించాలనీ షరతు పెట్టాలి. కోడింగ్ వంటి శిక్షణను చివరి ఏడాది పాఠ్యాంశంగా డిగ్రీలోకే తేవాలి. సర్టిఫికేషన్ పరీక్ష రుసుమును ఎస్సీ, ఎస్టీ, బీసీ కార్పొరేషన్లు భరించాలి. బకాయిల పేరుతో సర్టిఫికెట్ ఆపడాన్ని నేరంగా పరిగణించాలి. గౌలిదొడ్డి వంటి కళాశాల ప్రతి జిల్లాలో రావాలి.

విద్యార్థి సంఘాలకు ఒక మాట. సీట్ల శాతాల కోసం మనం చేసిన పోరాటాలు చారిత్రకమైనవి, అవి ఆగకూడదు. ఇకమీదట ప్రతి శాతం వెంట మరో ప్రశ్న కూడా అడగాలి: ఇది మొత్తంలో శాతమా, మిగిల్చిన దానిలో శాతమా? చదువు ముందరి ఏడాదికీ, చదువు తరువాతి ఏడాదికీ ఎవరు డబ్బు కడతారు? ఈ ప్రశ్నలు సచివాలయంలోనే కాదు, మాదాపూర్ అద్దాల భవనాల రిసెప్షన్ దగ్గర కూడా అడగవలసిన సమయం వచ్చింది.